పొడి గాలిలో మిర్చి ఆరబెట్టడం: కల్లమా, పట్టానా, నీడా, డ్రయ్యరా?

మిర్చి ఆరబెట్టడం మీద దొరికే సలహాలు దాదాపు అన్నీ తడి చుట్టూనే తిరుగుతాయి. వాన వస్తే ఏం కప్పాలి, మంచు పడితే ఏం చేయాలి, త్వరగా ఎండాలంటే ఏ డ్రయ్యర్ కొనాలి. జనవరిలో మొదటి కోత కోసేవాళ్లకి అవి పనికొస్తాయి. కానీ మార్చి దాటాక పల్నాడులోనో, గద్వాల వైపో, కర్నూలు జిల్లాలోనో కాయ కోసేవాళ్ల ఇబ్బంది వేరు. అక్కడ ఆ రోజుల్లో మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కన్నా కిందికి దిగడం మామూలే. పడమటి వడగాలి తోడైతే కాయ ఎండకపోవడమనే ప్రశ్నే రాదు. ఎండాల్సిన దానికన్నా ముందే, ఎండాల్సిన దానికన్నా ఎక్కువగా ఎండిపోతుంది. చేత్తో పట్టుకుంటే పొడి, బస్తాలో తొక్కితే గింజ.

అలాంటి గాలిలో ఏ పద్ధతి ఎంచుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. నా మాట ముందే చెప్పేస్తాను. పొడి గాలిలో డబ్బు పెట్టాల్సింది వేడి కోసం కాదు, నీడ కోసం. ఇంకా తేమ కొలిచే మీటర్ కోసం.

ఎంత ఎండితే చాలు

ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణం చెబుతుంది. కొనేవాళ్లు అడిగేది కూడా 10, 11 శాతమే. అంతకన్నా తడి ఉంటే బూజు, బూజు వెంట అఫ్లాటాక్సిన్ అనే విషం. ఇది మన దగ్గర కిలోకి 30 మైక్రోగ్రాములు దాటకూడదు. ఐరోపా దేశాలకు పంపే సరుకులోనైతే 10 దాటకూడదు, అందులోనూ బి1 రకం 5 లోపే ఉండాలి. ఇదంతా అందరూ చెప్పేదే.

చెప్పనిది రెండో వైపు సంగతి. 11 శాతం తేమ ఉన్న ఒక క్వింటా కాయలో 89 కిలోలు అసలు సరుకు, 11 కిలోలు నీళ్లు. అదే కాయని 7 శాతం దాకా ఎండనిస్తే ఆ 89 కిలోల సరుకు తూకంలో 95 కిలోల 700 గ్రాములకు వస్తుంది. అంటే క్వింటాకి నాలుగు కిలోల పైచిలుకు గాలిలో కలిసిపోయింది. ఎకరాకి ఇరవై క్వింటాళ్లు పండించిన రైతుకి అది 86 కిలోలు, దగ్గర దగ్గర రెండు టిక్కీలు, అంటే రెండు బస్తాలు. దీనికి పైన విరిగిన కాయ. నిండు కాయగా అమ్మే సరుకులో విరిగిన ముక్కలు, రాలిన గింజలు కలిపి 5 శాతం లోపే ఉండాలన్నది అదే ప్రమాణంలో ఉన్న ఇంకో మాట. 6, 7 శాతానికి దిగిన కాయని బోరాలో తొక్కితే ఆ లెక్క నిలవదు.

ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికే మార్కెట్ యార్డుకి తోలేముందు నీళ్లు చల్లే అలవాటు వచ్చింది. కాయ మెత్తబడుతుంది, తొక్కినా విరగదు, తూకం కూడా తిరిగొస్తుంది. కానీ చల్లిన నీళ్లు అన్ని కాయలకూ సమానంగా పట్టవు. ఒక కాయ 8 శాతం దగ్గర ఉంటే పక్క కాయ తొడిమ దగ్గర తడిగా మిగిలిపోతుంది. బస్తా మధ్యలో బూజు మొదలయ్యేది అక్కడే. ఎండ మండిపోయే ఏప్రిల్‌లో ఎండిన సరుకులో బూజు ఎలా వచ్చిందా అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి జవాబు ఈ పిచికారీలోనే ఉంటుంది.

తొందరగా ఎండితే తప్పేంటి

మిరపకాయ తోలు మీద మైనపు పొర ఉంటుంది. నీళ్లు దాన్ని దాటుకుని బయటికి రావాలి. గాలి మరీ పొడిగా, నేల మరీ వేడిగా ఉంటే తోలు ముందే బిగుసుకుపోతుంది, లోపల గింజల దిండులోనూ తొడిమ మొదట్లోనూ తేమ చిక్కుకుంటుంది. పెద్ద మంట మీద గారె పైన ఎర్రగా వేగి లోపల పిండి పచ్చిగా ఉన్నట్టే. పైన చూస్తే గలగలలాడుతుంది, రెండు రోజులు కుప్పలో ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడింది కదా అని ఇంకో రెండు రోజులు ఎండలో వేస్తారు. ఆ రెండు రోజులూ లోపలి తేమ కన్నా తోలు రంగునే ఎక్కువ తీసుకుపోతాయి.

రంగు, కారం ఒకేలా ప్రవర్తించవు. ఎర్రరంగునిచ్చే క్యాప్సాంథిన్ వెలుతురుకి, వేడికి తేలిగ్గా పాలిపోతుంది. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ మొండిది, ఎండకి అంత తొందరగా లొంగదు. అందుకే ఎండు కాయ తెల్లబారినా నోరు మండుతూనే ఉంటుంది, ధర మాత్రం పడిపోతుంది. పద్ధతి ఎంచుకునేటప్పుడు మీరు పండించిన రకం ఏదన్నది చూడాల్సింది ఇందుకే. దీని గురించి కింద మళ్లీ వస్తాను.

మట్టి కల్లం

పేడతో అలికిన కల్లంలో పోయడం ఖర్చు లేని పని. పొడి గాలిలో దీనికి ఒక మంచి గుణం కూడా ఉంది, మట్టి సిమెంటులా కాలిపోదు. కానీ దుమ్ము, రాళ్లు, కుక్కలు, కోళ్లు. వడగాలి లేచిన రోజు కాయల మీద మట్టి పొర కనిపిస్తుంది. నేలని తాకిన సరుకుకి బూజు బీజాలు అంటుకోవడం కూడా తప్పదు. నాణ్యత చూసి కొనేవాళ్లకి అమ్మాలనుకుంటే ఇది వదిలేయండి. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

సిమెంటు కల్లం

శుభ్రం, ఊడ్చుకోవచ్చు, ఏళ్ల తరబడి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో దీన్ని మించింది లేదనే చెప్పాలి, చల్లటి పొద్దుల్లో ఆ వేడి కావాలి కాబట్టి. ఏప్రిల్, మేలో అదే వేడి శత్రువు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేని నేల మీద నీరున్న పండుకాయ పడితే నేలకి ఆనిన వైపు ఉడికి మచ్చ పడుతుంది. ఆ మచ్చకాయే తర్వాత ఏరుడులో తాలు కింద పోతుంది.

ఉన్న సిమెంటు కల్లాన్ని వదులుకోమని కాదు. దాని మీద పాత గోనెసంచులో, వరిగడ్డి పలచగా పరిచి పైన పట్టానో వేస్తే కింది వేడి చాలావరకు తెగుతుంది.

టార్పాలిన్ పట్టా

ఎక్కువమందికి సరిపోయేది ఇదే. మట్టి అంటదు, సాయంత్రం నాలుగు మూలలూ పట్టి లాగితే కుప్ప అవుతుంది, అదే పట్టా రాత్రికి కప్పు కూడా. పొడి ప్రాంతంలో కొనేటప్పుడు లేత రంగు తీసుకోండి. నలుపు, ముదురు నీలం పట్టాలు ఎండకి బాగా కాలతాయి.

పట్టాతో అందరూ పొరపడేది రాత్రి కప్పేటప్పుడు. సాయంత్రం ఐదింటికి పని ముగించి ఇంటికి వెళ్లే తొందరలో వేడి వేడి కాయని కుప్ప చేసి వెంటనే బిగించి కప్పేస్తారు. రాత్రి పట్టా పైన చల్లబడుతుంది, కుప్పలోంచి వచ్చే ఆవిరి పట్టా అడుగున చెమటలా పట్టి కాయ మీదే పడుతుంది. పొద్దున పట్టా ఎత్తి లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే పైవరస కాయ తెల్లబారడం మొదలైనట్టే. కుప్ప చేసి గంట, గంటన్నర ఆగి, చల్లారాక కప్పాలి. మంచు లేని ఊళ్లలో మొదటి రెండు రాత్రులు పట్టా బదులు గోనెలు కప్పినా చాలు, ఆవిరి వాటిలోంచి పోతుంది.

ఇదే రాత్రి కుప్ప పొడి గాలిలో మీ చేతిలో ఉన్న అతి చవకైన పనిముట్టు. కుప్పలో ఉన్నంతసేపు లోపలి తేమ తోలుకి, తొడిమ తేమ కాయకి సర్దుకుంటుంది. అందుకని వేసవి కోతల్లో నేను చెప్పేది ఇలా. మొదటి రెండు రోజులు రెండు అంగుళాల మందం మించకుండా పలచగా పోసి తరచూ తిప్పండి, అప్పుడు కాయలో నీరెక్కువ, నిలవుంటే కుళ్లుతుంది. తోలు ముడతలు పడ్డాక లెక్క మార్చండి. పొద్దున్నే పరిచి, పదకొండు గంటలకల్లా దగ్గరికి లాగి నాలుగైదు అంగుళాల మందం చేసి పైన గోనెలో, నెట్టో వేయండి. ఎండ వాలాక మళ్లీ పరచండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే కావాలి.

నీడ నెట్టు, మంచెలు

50 శాతం షేడ్ నెట్‌ని కర్రల మీద మనిషి ఎత్తులో కట్టి కింద పట్టా వేయడం ఒక పద్ధతి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే నేలకి రెండు మూడు అడుగుల ఎత్తులో వైరు మెష్‌తో మంచెలు కట్టి వాటి మీద పోయడం ఇంకో పద్ధతి. మంచె మీద గాలి కిందనుంచి కూడా ఆడుతుంది, తిప్పే పని తగ్గుతుంది.

నీడలో ఎండదన్న భయం తీరప్రాంతానికి సరిపోతుంది. బాపట్ల దగ్గర సాయంత్రం సముద్రపు గాలి తేమని మోసుకొస్తుంది, అక్కడ నీడ నెట్టు కింద పోస్తే కాయ నానుతుంది. గద్వాలలో ఏప్రిల్‌లో అలా జరగదు. కాయని ఎండబెట్టేది ఎండ ఒక్కటే కాదు, గాలి కూడా. గాలి అంత పొడిగా ఉన్నప్పుడు ఎండని సగానికి తగ్గించినా పని నడుస్తుంది, రంగు మాత్రం నిలబడుతుంది.

ఇది ఎవరికి లాభమంటే బ్యాడిగి రకాలు వేసినవాళ్లకి. కర్నూలు, గద్వాల వైపు పండే ఈ ముడతల కాయ చాలావరకు కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడిగి మార్కెట్‌కి పోతుంది. అక్కడ కొనేది కారం కోసం కాదు, రంగు కోసం. రంగు పోతే ఆ రకం వేసినందుకు అర్థమే లేదు. నెమ్మదిగా ఎండటం దానికి ఎలాగూ మంచిది. తేజ సంగతి వేరు. సన్న కాయ, పలచని తోలు, ఘాటు కోసం అమ్ముడయ్యే రకం. ఎంత ఎండలో వేసినా ఘాటు పెద్దగా తగ్గదు. కాబట్టి తేజకి నీడ నెట్టు మీద ఖర్చు పెట్టడం తప్పనిసరి కాదు, పట్టా మీద మధ్యాహ్నపు కుప్పతో సరిపెట్టుకోవచ్చు. కాకపోతే పలచని తోలు కాబట్టి అతిగా ఎండి విరిగేది కూడా అదే ముందు. కళ్లు అక్కడ పెట్టాలి. 334, సన్నం రకాలు ఈ రెండింటికీ మధ్య. చేను పక్కనే చెట్ల నీడో, పశువుల కొట్టమో ఉంటే వాడుకోండి, లేకుంటే పట్టాయే.

పాలీహౌస్ సోలార్ డ్రయ్యర్

దీని మీద ప్రచారం ఎక్కువ. గొట్టాల చట్రం మీద యూవీ తట్టుకునే ప్లాస్టిక్ షీటు కప్పిన గది, లోపల ట్రేలు, పైన ఫ్యాన్లు. బయటికన్నా లోపల 15, 20 డిగ్రీలు వేడి ఎక్కువ. దుమ్ము లేదు, పక్షులు లేవు, అకాల వాన పడ్డా టెన్షన్ లేదు. చలికాలపు కోతలకి, కోస్తాకి నిజంగా మంచి సాధనం.

అయితే ఆ 15, 20 డిగ్రీలని మీ ఊరి ఏప్రిల్ ఎండకి కలిపి చూడండి. బయట 42 అంటే లోపల 60కి అటూ ఇటూ. మిర్చి 60 దాటితే ఎరుపు గోధుమ రంగులోకి తిరుగుతుంది. అప్పుడు తలుపులు తెరవాలి, కిటికీలు ఎత్తాలి, ఫ్యాన్లు ఆపకుండా తిప్పాలి, షీటు మీద నీడ నెట్టు వేయాలి. అంతా చేశాక మిగిలేది ఖరీదైన నీడ పందిరి. పొడి ప్రాంతంలో దీన్ని కొంటే వాన నుంచి రక్షణ కోసం కొనండి, త్వరగా ఎండుతుందని కొనకండి. సబ్సిడీ వస్తోందని మాత్రమే కొనేవాళ్లు వేసవిలో ఎవరు దగ్గరుండి వేడి చూసుకుంటారో ముందే తేల్చుకోవాలి, లోపల ఒక థర్మామీటర్ వేలాడదీయడం మరచిపోవద్దు.

మెషిన్ డ్రయ్యర్

కట్టెలతోనో, గ్యాస్‌తోనో, కరెంటుతోనో వేడిగాలి కొట్టే యంత్రం. 50, 55 డిగ్రీల దగ్గర ఆపి ఉంచగలిగితే రంగు బాగా నిలుస్తుంది, పని రోజుల్లోంచి గంటల్లోకి వస్తుంది. తుపాను మబ్బులు పట్టిన డిసెంబరు, జనవరిలో ఇది పంటని కాపాడుతుంది. ఒంటరి రైతుకి బరువు, రైతు ఉత్పత్తిదారుల సంఘం కలిసి పెట్టుకుంటే సాగుతుంది. పొడి వేసవిలో మాత్రం ఊరికే వచ్చే గాలిని కాదని ఇంధనం కాల్చడం ఎందుకో నాకు అర్థం కాదు.

కోతలోనే మొదలయ్యే తేడా

పద్ధతి ఏదైనా ఒక పని ముందు చేయాలి. వేసవి చివరి కోతల్లో చెట్టు మీద రెండు రకాల కాయలుంటాయి. కొన్ని అప్పుడే పండిన నీటికాయ, కొన్ని చెట్టు మీదే సగం వడలినవి. రెంటినీ కలిపి ఒకే పట్టా మీద పోస్తే నీటికాయ ఎండేసరికి వడలిన కాయ మాడిపోతుంది. కూలీలకి రెండు సంచులు ఇచ్చి విడిగా కోయించడం కష్టమే, గొణుగుతారు కూడా. అయినా కల్లం దగ్గర ఏరడం కన్నా చెట్టు దగ్గర వేరు చేయడమే చవక. సగం పండిన దోరకాయ వస్తే దాన్ని రెండు మూడు రోజులు నీడలో కుప్పగా ఉంచి, రంగు తిరిగాక పరచండి. పచ్చిగా ఎండలో వేసిన దోరకాయ ఎర్రబడదు.

ఎప్పుడు ఆపాలి

పొడి గాలిలో అసలు పరీక్ష ఇదే. గింజ గలగలలాడితే ఎండినట్టే అన్న పాత లెక్క మధ్యాహ్నం పూట మోసం చేస్తుంది. ఆ ఎండలో ఏ కాయైనా గలగలలాడుతుంది. పొద్దున్నే, కుప్ప తెరవగానే చూడండి. నడుమనుంచి ఒక గుప్పెడు కాయలు తీసి ఒక్కొక్కటి వంచండి. తొడిమ టక్కుమని విరగాలి, కాయ మాత్రం తోలులా వంగాలి. తొడిమ వంగితే ఇంకా తడి ఉంది. కాయ కూడా పటుక్కుమంటే దాటిపోయింది.

మీటర్ కొనగలిగితే సంశయం ఉండదు. లేకుంటే ఒక చిన్న ఉపాయం. మూత గట్టిగా బిగిసే గాజు సీసా నిండా కాయలు వేసి, అందులో గాలి తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టి నీడలో ఒక రాత్రి ఉంచండి. పొద్దునకి అది 55, 60 మధ్య చూపిస్తే కాయ సరిగ్గా ఉంది. 65 దాటితే నిలవకి పనికిరాదు, ఇంకా ఎండాలి. 40 కన్నా తక్కువంటే అతిగా ఎండింది. సీసా ఎండలో పెడితే ఆ అంకెకి విలువ లేదు.

దాటిపోయిందని తేలాక ఏం చేయాలి? నీళ్ల డబ్బా జోలికి వెళ్లకండి. మంచు పడే రోజులైతే తెల్లవారుజామున నాలుగింటికి కుప్ప మీద పట్టా తీసి పలచగా విప్పితే గాలిలోని తేమని కాయే తీసుకుంటుంది. పొద్దెక్కకముందే ఏరుడూ, బస్తాలకెత్తడమూ అయిపోవాలి. అనుభవమున్న కూలీల ముఠాలు వేకువనే పని మొదలుపెట్టేది ఎండకి భయపడి మాత్రమే కాదు, అప్పుడు కాయ విరగదు. మంచు లేని ఊళ్లో అయితే కుప్పని మూసిన కొట్టంలోకి మార్చి, తడిపి పిండిన గోనెలని గోడలకి వేలాడదీసి ఒక రాత్రి ఉంచండి. గోనె కాయకి తగలకూడదు. పొద్దున సీసా పరీక్ష మళ్లీ చేసి, 60 దాటకముందే గోనెలు తీసేయండి.

చివరి కోత ఎటు

గుంటూరు యార్డుకి ఏటా వేసవి సెలవులుంటాయి, మే నడిమి నుంచి దాదాపు నెల. చివరి కోత సరుకు అప్పటికి అమ్ముడుపోకపోతే దారి కోల్డ్ స్టోరేజీయే. అక్కడికి పంపే కాయ 10, 11 శాతం దగ్గర ఉండాలి. అంతకన్నా తడిగా పంపితే చల్లదనం బూజుని ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు. మరీ పొడిగా పంపితే ఎత్తుడు దించుడుల్లోనే సగం గింజలు బస్తా అడుగుకి చేరతాయి. బయటికి తీసిన రోజు మే ఎండ లాంటి వేడి ఉంటే బస్తా మూతి వెంటనే విప్పొద్దు, చల్లటి కాయ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఒక పూట నీడలో అలాగే ఉంచి, బస్తా బయటి వేడికి వచ్చాక మచ్చు తీయనివ్వండి. కొనేవాడు తొందరపడితే ఒక్క బస్తా మాత్రం విప్పి చూపించండి, మిగిలినవి ఆగాలి.